మీటరు నుంచి మెయిల్‌బాక్సు దాకా: అమెరికా పల్లె కౌంటీలో కొత్త కాపురం

అమెరికా తెలుగువాళ్లంటే మనకు డాలస్, ఎడిసన్, అట్లాంటా శివార్లే గుర్తొస్తాయి. అక్కడ ఇల్లు కొన్నా, అద్దెకు దిగినా కరెంటు, గ్యాసు, నీళ్లు, ఇంటర్నెట్ ఒక్క మధ్యాహ్నంలో ఫోన్ మీదే కుదిరిపోతాయి. కానీ డాక్టర్లుగా వెళ్లినవాళ్లలో కొందరి తొలి ఉద్యోగం అలాంటి చోట ఉండదు. జె-1 వీసా మీద రెసిడెన్సీ పూర్తిచేసినవాళ్లు నిబంధన ప్రకారం రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. అలా వెళ్లకుండా ఉండాలంటే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్‌రాడ్ చొరవతో 1994లో మొదలైన ఈ ఏర్పాటు కింద ఇప్పుడు ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందికి మినహాయింపు సిఫారసు చేయవచ్చు. అలా గుంటూరులోనో వరంగల్‌లోనో వైద్యం చదివినవాళ్లు కాన్సాస్ గోధుమ చేల మధ్య, కెంటకీ కొండల్లో కాపురం పెడుతున్నారు. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వీలు దొరికాక నాలుగెకరాలు కొనుక్కుని ఊరి బయటికి వెళ్తున్న సాఫ్ట్‌వేర్ కుటుంబాలూ ఇప్పుడు కనిపిస్తున్నాయి.

వీళ్లందరికీ మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇక్కడ ఏ సౌకర్యం ఎవరిది? పట్నంలో ఈ ప్రశ్న రాదు. కుళాయిలో నీళ్లు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో బిల్లు మీదే ఉంటుంది. పల్లె కౌంటీలో చాలాచోట్ల ఆ నీళ్లకు బిల్లే ఉండదు, ఎందుకంటే బోరు మీ సొంతం. ఏ సౌకర్యానికి ఎవరు పూచీ పడతారు, అది అలా ఎందుకు ఏర్పడింది అన్నది తెలిస్తే ఏర్పాట్ల వరస దానంతట అదే అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఇక్కడ ఫోన్ నంబర్ల జాబితా కన్నా ఆ పూచీల కథకే ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు కౌంటీ గురించి. మన జిల్లాతో పోల్చి అర్థం చేసుకోవడం అలవాటు గానీ ఆ పోలిక కొంత దూరమే వస్తుంది. అమెరికాలో కౌంటీలు 3,100కు పైగా ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మంది ఉంటే, టెక్సాస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల్లో తేలింది 64 మంది. లూసియానాలో వీటిని పారిష్‌లంటారు, అలాస్కాలో బరోలంటారు. అసలు తెలుసుకోవలసింది వేరే ఉంది. చాలా రాష్ట్రాల్లో ఊరి హద్దు దాటితే మున్సిపాలిటీ అన్నదే ఉండదు. మన పల్లెకు పంచాయతీ ఉన్నట్టు అక్కడ ప్రతి పల్లెకూ ఒక పాలకవర్గం ఉండదు. పోలీసు పని షెరీఫ్ చూస్తాడు, ఆస్తి విలువ అసెసర్ కడతాడు, రోడ్లకు ఒక శాఖ, ఆరోగ్యానికి ఒక శాఖ, అంతే. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజే అడగవలసిన మొదటి మాట: ఈ ఇల్లు ఊరి హద్దు లోపలా, బయటా? రెండు వందల గజాల తేడాతో పంపు నీళ్లు, మురుగు కాలువ, చెత్త బండి, ఫైరింజను అన్నీ ఉండొచ్చు, ఒక్కటీ లేకపోనూ వచ్చు.

తర్వాతది చిరునామా. పొలంలో కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది ముందే తెలిసొస్తుంది, ఎందుకంటే చిరునామా లేనిదే కరెంటు ఇచ్చేవాళ్లు కూడా దరఖాస్తు తీసుకోరు. ఒకప్పుడు పల్లెల్లో ఇంటికి నంబరు ఉండేది కాదు. ఫలానా రూటు, ఫలానా పెట్టె అని పోస్టల్ గుర్తు మాత్రమే ఉండేది. ఉత్తరాలు చేరవేసే మనిషికి అది చాలు, అంబులెన్సుకు చాలదు. 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో అత్యవసర సేవల నంబరు 911కు మొదటి కాల్ మోగింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ సేవ పల్లెలకు విస్తరించేకొద్దీ కౌంటీలు ప్రతి మట్టిరోడ్డుకూ పేరు పెట్టి, ప్రతి ఇంటికీ నంబరు ఇచ్చాయి. ఇప్పుడు ఆ నంబరు ఇచ్చేది కౌంటీలోని అడ్రసింగ్ విభాగం. చాలాచోట్ల అది రోడ్డు మొదటి నుంచి కొలిచిన దూరాన్ని బట్టి వస్తుంది. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుతురుకు మెరిసే నంబరు పలకను ఇంటి గోడకు కాకుండా రోడ్డు పక్కన, ఇంటిదారి మొదట్లో నాటాలి. ఇల్లు రోడ్డుకు పావుమైలు లోపల చెట్ల వెనక ఉంటే గోడ మీది నంబరు ఎవరికి కనిపిస్తుంది? ఈ పలకకు అయ్యే ఖర్చు కొద్ది డాలర్లే. కొత్తవాళ్లు మర్చిపోయేవాటిలో మొదటిది కూడా ఇదే.

ఇక కరెంటు. పల్లె కౌంటీలో కరెంటు ఇచ్చేది తరచుగా ఒక సహకార సంఘం. కనెక్షన్ అడిగితే వాళ్లు ఇచ్చే కాగితం మీద సభ్యత్వ దరఖాస్తు అని ఉంటుంది. కొద్దిపాటి సభ్యత్వ రుసుము, పరపతి చరిత్రను బట్టి డిపాజిట్టు కట్టాలి. అమెరికాకు ఈమధ్యే వచ్చి పరపతి చరిత్ర లేనివాళ్ల దగ్గర డిపాజిట్టు ఎక్కువే అడగవచ్చు. పాత చోట కరెంటు బిల్లులు సరిగా కట్టినట్టు అక్కడి సంస్థ నుంచి ఉత్తరం తెస్తే కొన్ని సంఘాలు దాన్ని తగ్గిస్తాయి. కొత్త ఇల్లయితే స్తంభాలు వేసి లైను లాగాలి. కొంత దూరం వరకు సంఘమే భరిస్తుంది, ఆపైన అడుగుకు ఇంత అని మీరు కట్టాలి. లైను పక్కవాళ్ల పొలం మీదుగా రావలసి వస్తే వాళ్ల అనుమతి రాతపూర్వకంగా రిజిస్టరు కావాలి. ఇంటిస్థలం రోడ్డుకు ఎంత లోపలికి ఉండాలన్న నిర్ణయం వెనక ఈ లెక్క ఉండాలి. చూడ్డానికి బాగుందని కొండవాలులో కట్టుకున్నవాళ్లకు లైను ఖర్చే పునాది ఖర్చుతో పోటీ పడుతుంది.

సహకార సంఘం ఎందుకొచ్చింది? న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది 1882లో. అర్ధ శతాబ్దం గడిచాక, 1930ల నడుమ, పట్నాల్లో పది ఇళ్లకు తొమ్మిదింట్లో దీపాలు వెలుగుతుంటే పొలాల్లో పదింటికి తొమ్మిది ఇళ్లలో కిరోసిన్ దీపాలే. మైలుకు రెండు మూడు ఇళ్లున్న చోట తీగలు లాగితే గిట్టదని ప్రైవేటు కంపెనీలు లెక్కగట్టాయి. 1935 మే 11న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వుతో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించాడు, మరుసటి ఏడు చట్టం వచ్చింది. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ఆ అప్పు తీసుకోవడానికి రైతులు సంఘాలు కట్టారు, స్తంభాలు పాతారు. 1950ల మొదట్లోకి వచ్చేసరికి పది పొలాల్లో తొమ్మిదింటికి కరెంటు చేరింది. ఇవాళ అలాంటి సంఘాలు సుమారు 900. దేశ భూభాగంలో సగానికి పైగా వాటి లైన్ల కిందే ఉంది.

ఈ కథ మనకు దూరపు కథ కాదు. 1969లో మన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడ్డప్పుడు అమెరికా విద్యుత్ సహకార సంఘాల సమాఖ్య సాయంతో దేశంలో ప్రయోగాత్మకంగా ఐదు సంఘాలు తలపెట్టారు. వాటిలో ఒకటి 1970లో పుట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. నేత కార్మికుల మగ్గాలకు కరెంటిచ్చే ఆ ‘సెస్’ ఇప్పటికీ నడుస్తోంది. దాని పాలకవర్గం ఎన్నికలంటే ఆ జిల్లాలో అసెంబ్లీ ఎన్నికలంత సందడి. సిరిసిల్ల నుంచి వెళ్లిన డాక్టరు అయోవాలో కరెంటు సభ్యత్వ ఫారం చూస్తే ఆశ్చర్యపోడు, అదే మొక్క కొమ్మ తన ఊళ్లోనూ నాటుకుందని తెలుసు కాబట్టి. కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి సంఘాలు ఎరిగినవాళ్లకూ అంతే.

సభ్యత్వం పేరుకు మాత్రమే కాదు. ఏటా సర్వసభ్య సమావేశం జరుగుతుంది. మనిషికి ఒక ఓటు, వంద ఎకరాలున్నా ఒక గది ఇల్లున్నా అదే. ఛార్జీలు, చెట్ల కొమ్మల నరికివేత, సోలారు పలకలు పెట్టుకుంటే మిగులు కరెంటుకు ఇచ్చే ధర, ఇవన్నీ తేల్చే డైరెక్టర్లను అక్కడే ఎన్నుకుంటారు. ఆ సమావేశాలకు వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారన్నది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. కొత్తగా వచ్చిన కుటుంబం ఒక సాయంత్రం కేటాయించి వెళితే చుట్టుపక్కల మనుషులూ తెలుస్తారు, బిల్లు ఎందుకు పెరిగిందో కూడా తెలుస్తుంది.

మంచు తుపానుకో పెనుగాలికో కరెంటు పోతే రోజులు పట్టవచ్చు. జనం ఎక్కువున్న లైన్లను ముందు బాగుచేస్తారు, చివరి ఇంటికి చివర్లో వస్తారు. అందుకే జనరేటరు చాలా ఇళ్లలో ఉంటుంది. దాని విషయంలో రెండు ప్రాణాంతకమైన తప్పులున్నాయి. గ్యారేజీలో నడిపితే కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి పాకుతుంది, వాసన రాదు. గోడ ప్లగ్గులోకి గుచ్చి ఇల్లంతా వెలిగించాలనుకుంటే కరెంటు వెనక్కి లైనులోకి పారి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వోల్టేజి పెరిగి, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపుతుంది. ట్రాన్స్‌ఫర్ స్విచ్చి పెట్టించకుండా జనరేటరు కొనకూడదు.

కరెంటు పోతే నీళ్లూ పోతాయి. పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఇది మొదటి తుపానులో గానీ తట్టదు. బోరులోని మోటారు ఆగిపోతే ప్రెషర్ ట్యాంకులో ఉన్న కొద్ది నీళ్లతో సరిపెట్టుకోవాలి. మన ఇళ్ల మీద ఉన్నట్టు మేడమీద ట్యాంకు అక్కడ ఉండదు, చలికి గడ్డకట్టుకుపోతుంది.

నీటి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. కొన్ని ప్రాంతాల్లో గ్రామీణ నీటి సంఘాలు పైపులు వేశాయి. అక్కడ కరెంటు లాగానే సభ్యత్వం, మీటరు, బిల్లు. మిగతా చోట్ల ఎవరి బోరు వాళ్లది. అమెరికాలో సుమారు 4 కోట్ల 30 లక్షల మంది, అంటే నూటికి పదిహేను మంది, సొంత బావుల నీళ్లే తాగుతున్నారు. 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం వాళ్లకు వర్తించదు. కనీసం 15 కనెక్షన్లో 25 మందో ఉన్న నీటి సరఫరాకే అది పరిమితం. పట్నం కుళాయి నీళ్లను ఎవరో ఒకరు పరీక్షించి ఏటా నివేదిక పంపుతారు. బోరు నీళ్లలో ఏముందో ఇంటివాళ్లు పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది, చేయించకపోతే అడిగేవాళ్లు లేరు.

నల్లగొండ ఫ్లోరైడు కథ తెలిసినవాళ్లకు దీని బరువు చెప్పనక్కరలేదు. చూస్తే తేటగా, తాగితే తియ్యగా ఉన్న నీళ్లే ఎముకలు వంచాయి. అమెరికా పల్లెల్లో వేరే పేర్లు వినిపిస్తాయి. మొక్కజొన్న పండే మధ్య రాష్ట్రాల్లో ఎరువుల నుంచి, పశువుల కొట్టాల నుంచి నైట్రేటు భూమిలోకి దిగుతుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు, నైట్రోజన్ లెక్కన, దాటితే పాలడబ్బా తాగే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరగవచ్చు. నీళ్లు మరిగిస్తే మంచిదన్న మన ఇళ్ల అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది. మరిగేకొద్దీ నీరు ఆవిరై నైట్రేటు సాంద్రత ఇంకా పెరుగుతుంది. ఈశాన్యంలో, మెయిన్, న్యూ హాంప్‌షైర్ రాతి నేలల్లో, ఆర్సెనిక్ ఉంటుంది. దానికీ రంగు, రుచి, వాసన లేవు. పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు.

కాబట్టి ఇల్లు కొనే ఒప్పందంలోనే నీటి పరీక్ష షరతు రాయించాలి. కోలిఫాం సూక్ష్మజీవులు, నైట్రేటు, కరిగి ఉన్న లవణాలు, పీహెచ్ ఏటా చూడమని ప్రభుత్వ సంస్థల సలహా. ఆర్సెనిక్, సీసం లాంటివి ఆ ప్రాంతపు నేలను బట్టి. సీసా కౌంటీ ఆరోగ్య శాఖలోనో, విశ్వవిద్యాలయం వాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆఫీసులోనో ఇస్తారు, రాష్ట్రం గుర్తించిన ల్యాబుకు పంపాలి. నీళ్లు శుద్ధిచేసే యంత్రాలు అమ్మడానికి ఉచితంగా పరీక్ష చేస్తామని తలుపు తట్టేవాళ్ల ఫలితాన్ని నమ్ముకోకూడదు. బోరు ఎప్పుడు వేశారు, ఎంత లోతు, కేసింగు ఎంతవరకు దించారు, ఏ పొరలో నీళ్లు పడ్డాయి అన్న వివరాలతో చాలా రాష్ట్రాల్లో డ్రిల్లరు ప్రభుత్వానికి సమర్పించిన రికార్డు ఉంటుంది. దాన్ని తెప్పించుకుని ఇంటి కాగితాలతో దాచుకోవాలి. మోటారు చెడిపోయిన రోజు మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న లోతెంత అనే.

ఎక్స్‌టెన్షన్ ఆఫీసు అన్నాను. 1914 నాటి చట్టంతో మొదలైన వ్యవస్థ అది. వ్యవసాయ విశ్వవిద్యాలయం తెలివిని పొలం గట్టు మీదికి తేవడం దాని పని. దేశంలో చాలా కౌంటీలకు దాని సేవ అందుతుంది. నేల పరీక్ష, నీటి పరీక్ష, చెట్టుకు పట్టిన తెగులు, ఆఖరికి ఆవకాయ సీసాల్లో పాడవకుండా ఎలా నిల్వచేయాలన్న సందేహం దాకా అక్కడ అడగొచ్చు. కొత్త కుటుంబం మొదటి వారంలో మెట్లెక్కవలసిన ఆఫీసు ఇదేనని నేను గట్టిగా చెబుతాను.

వాడిన నీళ్లు పోయేది సెప్టిక్ ట్యాంకులోకి. అమెరికా ఇళ్లలో అయిదింటికి ఒకటి దీని మీదే నడుస్తోంది. మన ఊళ్ల ట్యాంకుతో పోలిస్తే తేడా ట్యాంకు తర్వాత ఉంది. తేరిన నీళ్లు చిల్లుల పైపుల గుండా ఒక ఇంకుడు మడిలోకి పారి మట్టిలోంచి వడకట్టుకుపోవాలి. ఆ మడి ఎక్కడుందో కౌంటీ ఆరోగ్య శాఖ పర్మిట్టులో పటం ఉంటుంది. దాని మీద కారు నిలపకూడదు, చెట్టు నాటకూడదు, షెడ్డు వేయకూడదు. మూడేళ్లకోసారి చూపించి, మూడు నుంచి అయిదేళ్లకోసారి ట్యాంకు తోడించాలి. మన వంటకు సంబంధించి ఒక ముఖ్యమైన మాట: పోపు నూనె, నెయ్యి, బియ్యం కడిగిన గంజి, పప్పు మెతుకులు సింకులోకి పోయకూడదు. నూనె గడ్డకట్టి ఇంకుడు మడిని మూసేస్తే దాన్ని తవ్వి కొత్తది వేయడానికి వేల డాలర్లు పడుతుంది. ఖాళీ స్థలం కొనేవాళ్లయితే ఆ నేల నీటిని ఎంత వేగంగా పీలుస్తుందో పరీక్ష చేయించిన తర్వాతే డబ్బు కట్టాలి. నేల పీల్చుకోకపోతే పర్మిట్టు రాదు, పర్మిట్టు లేని చోట ఇల్లు లేదు.

వేడి గురించి తొందరగా చెప్పేయవచ్చు. గ్యాసు పైపులు రాని చోట ప్రొపేన్ ట్యాంకు, ఈశాన్యంలో హీటింగ్ ఆయిల్, అడవులున్న చోట కట్టెల పొయ్యి. ప్రొపేన్ ట్యాంకు మీ సొంతమా, కంపెనీ అద్దెదా అన్నది కొనేముందు తేల్చుకోవాలి. అద్దెదైతే ఆ కంపెనీ మాత్రమే నింపుతుంది, ధరలు పోల్చుకునే వీలు లేదు. 500 గ్యాలన్ల ట్యాంకులో నింపేది 400 గ్యాలన్లే, వేడికి వ్యాకోచించడానికి చోటు వదలాలి. ఎండాకాలంలో ముందుగా ధర కుదుర్చుకుని కొనడం అక్కడి ఆనవాయితీ. 2013-14 చలికాలంలో మధ్య రాష్ట్రాల్లో ప్రొపేన్‌కు కటకట వచ్చినప్పుడు అలా కొనుక్కోనివాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. ఇది గాలికన్నా బరువు, లీకైతే నేలమాళిగలో పేరుకుంటుంది. గ్యాసును పసిగట్టే పరికరం అక్కడ ఉండాలి.

ఇంటర్నెట్‌ది ఇంకా ముగియని కథ. తొంభై ఏళ్ల కిందట కరెంటు విషయంలో విన్న మాటలే మళ్లీ వినిపించాయి: ఇళ్లు దూరం, గిట్టదు. 2021 నవంబరులో వచ్చిన మౌలిక వసతుల చట్టం మంచి ఇంటర్నెట్ అందని ఇళ్ల కోసం 4,245 కోట్ల డాలర్లు కేటాయించింది. ఏ ఇంటికి ఏ వేగం అందుతుందో చూపించే పటాన్ని సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్ 2022 నవంబరులో బయటపెట్టింది. 2024లో బ్రాడ్‌బ్యాండ్ అంటే దిగుమతికి సెకనుకు కనీసం 100 మెగాబిట్లు, ఎగుమతికి 20 ఉండాలని నిర్వచించింది. 2025లో ఆ నిధుల నిబంధనలు మార్చి, ఫైబరుకు ఉన్న ప్రాధాన్యం తగ్గించి ఉపగ్రహాలకూ సమాన అవకాశం ఇచ్చారు. పెరటికి ఫైబరు వస్తుందని ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఇది మంచి వార్త కాదని నా అభిప్రాయం. ఉపగ్రహం అత్యవసరానికి గొప్ప ఆసరా, ఒప్పుకుంటాను. చెట్లు అడ్డు లేకుండా ఆకాశం కనిపిస్తే ఎంత మారుమూలనైనా స్టార్‌లింక్ ఉపగ్రహ డిష్షు పెట్టుకుని పనిచేసుకోవచ్చు. కానీ నేలలో వేసిన ఫైబరు ముప్ఫై ఏళ్లు ఉంటుంది, ఊరిది అవుతుంది.

ఇందులో ఆశ కలిగించే భాగం మళ్లీ ఆ కరెంటు సంఘాలే. టెనెసీ 2017లో, మిసిసిపీ 2019లో చట్టాలు మార్చి విద్యుత్ సంఘాలు ఇంటర్నెట్ ఇవ్వడానికి దారి తెరిచాయి. స్తంభాలు ఉండనే ఉన్నాయి, వాటి మీదే ఫైబరు లాగారు. పట్నాల్లో కూడా దొరకని వేగం కొన్ని పల్లె కౌంటీల్లో ఉన్నదంటే కారణం ఇదే. ఇల్లు చూసేటప్పుడు పటాన్ని మాత్రమే నమ్మకూడదు. అందులో ఉందని రాసినా కంపెనీ వచ్చి చూసి లేదనడం తరచూ జరిగేదే. పటం తప్పని ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. అమ్మేవాళ్ల ఇంట్లో నిలబడి సొంత ఫోన్లో సిగ్నలు చూసుకోండి, పక్కింటివాళ్లను ఏం వాడుతున్నారో అడగండి. రాత్రి ఇంటి నుంచి ఎక్స్‌రేలు చదవవలసిన డాక్టరుకు ఇది ఉద్యోగ ఒప్పందమంత ముఖ్యం.

ఉత్తరాలకు చిక్కు తక్కువ. పట్నాల్లో ఇంటికి తెచ్చివ్వడం 1863లోనే మొదలైనా, రైతులకు ఆ భాగ్యం 1896 అక్టోబరు 1న వెస్ట్ వర్జీనియాలో మొదలైంది. ఇవాళ ఎంత మారుమూలకైనా అదే స్టాంపు ధర. మెయిల్‌బాక్సు అడుగు భాగం రోడ్డు మట్టానికి 41 నుంచి 45 అంగుళాల ఎత్తున ఉండాలి, పోస్టు మనిషి కారు దిగకుండా అందుకోవాలి కదా. స్టాంపులు కూడా ఆ మనిషే అమ్ముతాడు. ఇంటిదాకా రాని చోట పోస్టాఫీసులో పెట్టె తీసుకోవాలి, కొన్ని పరిస్థితుల్లో అది ఉచితం. చెత్తను వారానికోసారి సొంత బండిలో కౌంటీ సేకరణ కేంద్రానికి తీసుకుపోవాలి, లేదా ప్రైవేటు బండితో మాట్లాడుకోవాలి. పీపాలో వేసి కాల్చే పాత అలవాటు ఇంకా ఉంది. ప్లాస్టిక్ కాలిస్తే డయాక్సిన్లు పుడతాయి, ఆ బూడిద తిరిగి మన కూరగాయల మళ్లలోకే వస్తుంది. ఇంటిముందు రోడ్డు కౌంటీదా, ప్రైవేటుదా అన్నది రిజిస్ట్రేషన్ కాగితాల్లో చూడాలి. ప్రైవేటుదైతే మంచు తోడడం, కంకర పోయడం ఇరుగుపొరుగు పంచుకునే రాత ఒప్పందం అడగాలి. ఎక్కడ తవ్వాలన్నా, ఒక కంచె గుంజ పాతాలన్నా, ముందు 811కు ఫోన్ చేయాలి. ఉచితంగా వచ్చి భూమిలోని లైన్లకు గుర్తులు పెడతారు. మీటరు దాటాక మీ సొంత లైన్లను మాత్రం వాళ్లు గుర్తించరు.

నిప్పు సంగతి మళ్లీ నిదానంగా చూడాలి. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో మూడింట రెండొంతుల మంది జీతం లేని వాలంటీర్లు. పల్లె కౌంటీలో దాదాపు అందరూ వాళ్లే. పగలు ట్రాక్టరు నడిపేవాళ్లు, బడిలో పాఠాలు చెప్పేవాళ్లు పేజరు మోగగానే పరుగెత్తుతారు. రోడ్డు పక్కన నీటి కుళాయిలు ఉండవు, నీళ్లు ట్యాంకరులోనో చెరువు నుంచో రావాలి. ఫైర్ స్టేషన్‌కు అయిదు మైళ్లు దాటితే ఇంటి బీమా ప్రీమియం బాగా పెరగవచ్చు, కొన్ని కంపెనీలు బీమాయే ఇవ్వవు. కొనేముందే బీమా ఏజెంటుకు చిరునామా ఇచ్చి అడగాలి.

2010 సెప్టెంబరులో టెనెసీలోని ఓబియన్ కౌంటీలో ఒక ఇంటికి నిప్పంటుకుంది. పక్కనున్న సౌత్ ఫుల్టన్ పట్నం వాళ్లు ఊరి హద్దు బయటి ఇళ్లకు ఏడాదికి 75 డాలర్ల చందా మీద ఫైరింజను పంపేవారు. ఆ ఇంటివాళ్లు ఆ ఏడు కట్టలేదు. ఎంతైనా కడతామని ఫోన్లో బతిమాలినా లాభం లేకపోయింది. ఫైరింజను వచ్చింది, చందా కట్టిన పొరుగువాళ్ల పొలానికి మంట పాకకుండా చూసింది, ఇల్లు మాత్రం కాలిపోయింది. ఆ రోజుల్లో దేశమంతా దీని మీద వాదించుకుంది. చందా కట్టనివాళ్లకూ సేవ చేస్తే ఇక ఎవరూ కట్టరన్న వాదనలోని లెక్క నాకు అర్థమవుతుంది. అయినా నీళ్లున్న బండి పక్కన నిలబడి ఉండగా ఒక ఇల్లు కాలిపోనివ్వడం తప్పు. చందాల మీద కాకుండా పన్ను మీద నడవవలసిన సేవ ఇది, అప్పుడు ఎవరి రశీదూ చూడనక్కరలేదు. కొత్తగా వెళ్లేవాళ్లు మాత్రం ఈ చర్చ తేలేదాకా ఆగలేరు. అక్కడ ఫైరు సేవ పన్నుతో నడుస్తుందా, చందాతోనా, ఎవరికి కట్టాలి అన్నది దిగిన రోజే కనుక్కోవాలి.

అంబులెన్సుదీ ఇలాంటి స్థితే, పైగా అది చేరవలసిన ఆసుపత్రులే తగ్గిపోతున్నాయి. 2010 నుంచి వందకు పైగా పల్లె ఆసుపత్రులు మూతపడ్డాయి, లేదా పడకలు ఎత్తేశాయి. వాటిని నిలబెట్టడానికి 1997లో చిన్న ఆసుపత్రులకు (ఇప్పటి పరిమితి 25 పడకలు) ప్రత్యేక హోదా ఇచ్చి, వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ వాటికి అయిన ఖర్చుల ప్రకారం చెల్లించే పద్ధతి పెట్టారు. మన డాక్టర్లలో కొందరు పనిచేసేది అలాంటి చోటనే. గుండెపోటో, పక్షవాతమో అయితే హెలికాప్టరులో పెద్ద ఊరికి పంపాలి. 2022 నుంచి అమల్లో ఉన్న చట్టం బీమా ఉన్నవాళ్లను హెలికాప్టరు తాలూకు ఊహించని బిల్లుల నుంచి కాపాడుతోంది గానీ నేల మీద నడిచే అంబులెన్సును వదిలేసింది. కొన్ని కౌంటీల్లో అంబులెన్సుకు ఏటా కట్టే చందా పథకం ఉంటుంది, అమ్మానాన్నలను విజిటర్ వీసా మీద పిలిపించుకునే కుటుంబాలు అది వాళ్లకూ వర్తిస్తుందో లేదో అడిగి తీసుకోవాలి. ఇండియాలో కొన్న ప్రయాణ బీమా కాగితంలో అంబులెన్సు మాట ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇన్ని పనుల్లో ముందు వెనకలు ఎలా? డబ్బు కట్టకముందే తేలవలసినవి నీళ్లు, సెప్టిక్, ఇంటర్నెట్, బీమా, రోడ్డు. సంతకం అయ్యాక చిరునామా, కరెంటు, ప్రొపేన్. సామాను దించిన వారంలో మెయిల్‌బాక్సు, చెత్త, ఫైరు చందా, నంబరు పలక. చాలా రాష్ట్రాల్లో సొంతిల్లుగా నమోదు చేయించుకుంటే ఆస్తి పన్ను తగ్గుతుంది, దానికి గడువు ఉంటుంది, అసెసర్ ఆఫీసులో అడగాలి. ఈ ఆఫీసులన్నీ తరచు ఒకే కోర్టు భవనంలో ఉంటాయి కాబట్టి ఒక పూట సెలవు పెట్టి స్వయంగా వెళ్లడం మంచిది. ఫోన్లో దొరకని జవాబులు కౌంటరు దగ్గర దొరుకుతాయి. బోరు మెకానిక్ ఎవరు మంచివాడు, మంచు తోడే ట్రాక్టరు ఎవరిది అన్నవి అక్కడే తెలుస్తాయి.

వీసా మినహాయింపు కోసం ఒప్పుకున్న మూడేళ్లు పూర్తయ్యాక డాక్టర్లలో కొందరు ఆ ఊళ్లోనే ఉండిపోతారు, మరికొందరు పిల్లల చదువులకో, పదిమంది తెలుగువాళ్లున్న చోటికో మారతారు. వెళ్లే ముందు ప్రొపేన్ ట్యాంకులో మిగిలినదానికి లెక్క కట్టించుకోవాలి, నీటి పరీక్షల కాగితాలు కొత్తవాళ్లకు అప్పగించాలి. కరెంటు సంఘం ఆఫీసుకు వెళ్లి కొత్త చిరునామా రాసిచ్చి రావాలి. సహకార సంఘంలో మిగులు సభ్యుల పేరు మీదే జమవుతుంది, వాడిన కరెంటును బట్టి ఎవరి వాటా వాళ్లకు. ఆ డబ్బును సంఘం లైన్లకు, స్తంభాలకు వాడుకుని, పదేళ్లకో ఇరవై ఏళ్లకో తిరిగి ఇస్తుంది. చిరునామా తెలియక అలా మిగిలిపోయిన పేర్ల జాబితాలు చాలా సంఘాలు ప్రకటిస్తుంటాయి. ఎప్పుడో ఆ పల్లెలో రాత్రంతా హీటరు వేసుకుని నిద్రపోయిన చలికాలపు వాటా, హ్యూస్టన్‌లోనో సియాటిల్‌లోనో ఒక రోజు పోస్టులో చెక్కుగా వస్తుంది.